కాయకి రేటు రానీ, చూద్దాం

నరసరావుపేట చుట్టుపక్కల ఏ ఊళ్ళో "కోటయ్యా" అని కేకేసినా నలుగురు వెనక్కి తిరిగి చూస్తారు. కోటప్పకొండ సామి పేరు పెట్టుకోని ఇల్లు అటువైపు అరుదు. కాబట్టి మన మనిషిని కూడా కోటయ్యే అనుకుందాం. ఐదెకరాలు సొంతం, నాలుగెకరాలు కౌలు, అందులో మిరప ఎక్కువ, పత్తి తక్కువ. ఒక మోకాలి నొప్పి, ఒక స్ప్లెండరు. మొదటిది రెండోదాని వల్లే వచ్చిందని భార్య వాదన. రోజూ పొద్దున్నే కొట్టే కిక్కులకి అరిగింది మోకాలా, కిక్ రాడ్డా అన్నది ఇంకా తేలలేదు.

బండి కొన్నది 2006లో. నంబరు ఏపీ 07, అంటే గుంటూరు జిల్లా. 2014లో రాష్ట్రం రెండయింది. 2022 ఏప్రిల్లో జిల్లా మూడు ముక్కలై ఊరు పల్నాడు వాటాలోకి పోయింది. ఈ మధ్యలోనే, 2010 డిసెంబరులో, హీరో వాళ్ళూ హోండా వాళ్ళూ వేరుపడ్డారు. కోటయ్య పెట్రోలు ట్యాంకు మీద మాత్రం ఆ ఇద్దరి పేర్లూ ఇప్పటికీ కలిసే ఉన్నాయి. "ఎన్ని విడిపోయినా నా బండి విడిపోలా" అంటాడు గర్వంగా. పూర్తిగా నమ్మకండి. ఎడంవైపు సైడు డోము చిలకలూరిపేట బైపాసులో విడిపోయింది. ఇండికేటర్లు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. హారను ఉంది గానీ దానికి మూడ్ రావాలి.

ముందు మడ్‌గార్డు సంగతి వేరు, దాన్ని కోటయ్యే ఊడబెరికాడు. నల్లరేగడిలో వాన పడ్డాక బండి నడిపినవాడికే ఈ బాధ తెలుస్తుంది. మట్టి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య దూరి, బిగిసి, చక్రాన్ని కదలనివ్వదు. పదిగజాలకోసారి దిగి పుల్లతో పొడవాలి. మడ్‌గార్డు తీసేశాక ఆ బాధ తీరింది. ఇప్పుడు బురద చక్రాన్ని పట్టుకోదు, నేరుగా కోటయ్య మొహం మీదికి వస్తుంది.

ఇక మోత. ట్యాంకు మీద పురుగుమందుల అట్టపెట్టె, హ్యాండిలుకి అన్నం క్యారేజీ, వెనక తైవాన్ పంపు. ఎరువులేసే రోజుల్లో రెండు యూరియా బస్తాలు. 2018లో యూరియా బస్తాని 50 కిలోల నుంచి 45కి తగ్గించినప్పుడు, తన బండిని చూసే ప్రభుత్వం జాలిపడిందనుకున్నాడు కోటయ్య. రెండు బస్తాల మీద మిగిలిన పది కిలోల జాగాలో మనవణ్ణి ఎక్కించుకున్నాడు.

ఇలాంటి బండిని బాగుచేయించాలా, మార్చేయాలా? ఈ ప్రశ్న ప్రతి సంక్రాంతికీ, తొలికోత కాయ కళ్ళంలోకి చేరే వేళకి, ఇంట్లోకి వస్తుంది. వేసవిలో గుంటూరు మిర్చి యార్డుకి సెలవులిచ్చేసరికి వెళ్ళిపోతుంది. ఈ మధ్యకాలమంతా కోటయ్య నోట ఒకటే మాట: "కాయకి రేటు రానీ, చూద్దాం."

వినేవాళ్ళు దీన్ని వాయిదా అనుకుంటారు. కాదు, ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అంటాడు. చిక్కల్లా రేటుతోనే.

2021-22లో నల్ల తామరపురుగు పడింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు. పూతలో చేరి పూవుని పూవుగానే రాల్చేసింది. చేలు దున్నేసినవాళ్ళు ఉన్నారు. ఆ ఏడు కొత్త బండి మాటే లేదు, ఇంజను దించి బోరు చేయించాడు. 2023 వచ్చింది. యార్డులో క్వింటా ఇరవై వేలు దాటింది. ఊరు ఊరంతా కోటయ్య వైపు చూసింది. భార్య షోరూము కరపత్రం తెచ్చి టీవీ దగ్గర పెట్టింది. కోటయ్య ఏం చేశాడు? సగం కాయ అమ్మి ఆ డబ్బుతో ఇంకో రెండెకరాలు కౌలుకి మాట్లాడాడు. ఇరవై వేల రేటు చూసి పొలంగలాయన కౌలు పెంచాడు, అదీ ఒప్పుకున్నాడు. మిగతా సగం కాయని ఏసీలో పెట్టాడు, పాతిక రావాలని. మా వైపు ఏసీ అంటే కోల్డు స్టోరేజీ. కోటయ్య ఇంట్లో ఉన్నది ఫ్యానే. చల్లగా ఉండే యోగం కాయకే.

పాతిక రాలేదు. ఏసీ అద్దె ఎక్కింది, రేటు దిగింది. 2025 ఫిబ్రవరికి క్వింటా పదకొండు వేల దగ్గర కూర్చుంది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఆ చివరి 81 ఎట్టా తేలిందని కోటయ్య టీ కొట్టు దగ్గర చాలా రోజులు ఆలోచించాడు. బండికి మళ్ళీ బోరు చేయించాడు.

లెక్క మీకీపాటికి అర్థమై ఉంటుంది. రేటున్న ఏడు డబ్బుంటుంది గానీ దాని పక్కనే ఆశా ఉంటుంది, ఆ ఆశ డబ్బుని చెయ్యి పట్టుకుని పొలంలోకి తీసుకుపోతుంది. రేటు లేని ఏడు బండి తప్ప ఇంకేమీ కనపడదు, కొనడానికి డబ్బూ కనపడదు. ఈ రెండూ కాని ఏడు కోసం ఆయన ఎదురుచూస్తున్నాడు. అలాంటి ఏడు మిరప పుట్టాక వచ్చిందో లేదో పెద్దలెవరైనా చెప్పాలి.

పిసినారి అంటే ఒప్పుకోను. ఎకరం మిరపకి లక్షకి పైనే పెట్టుబడి పెట్టే మనిషి. మందుల షాపులో కొత్త సీసా చూపిస్తే ధర అడక్కుండా ఖాతాలో రాయిస్తాడు. అదే మనిషి క్లచ్ వైరు దగ్గర ఇరవై రూపాయల కోసం అరగంట నిలబడతాడు. సీసా డబ్బులు రాబోయే పంటలోంచి పోతాయి. వైరు డబ్బులు చొక్కా జేబులోంచి పోతాయి.

మెకానిక్ భాయ్ ఈ సంగతి కనిపెట్టి చాలా కాలమైంది. కోటయ్య బండి మలుపు తిరగ్గానే శబ్దాన్ని బట్టి టైమింగ్ చైనా, కోన్ సెట్టా అన్నది చెప్పేస్తాడు. తెల్లపొగ కనపడితే టీకి చెబుతాడు, మాట్లాడాల్సింది చాలా ఉంటుంది కాబట్టి.

"బాబాయ్, ఆయిలు తాగుతోంది. పెట్రోలు కంటే దీనికే ఎక్కువ ఖర్చవుద్ది నీకు."

"తాగనీరా. ఈ వయసులో దానికింకేం సుఖం ఉంది?"

బోరుకి ఒక హద్దుంది. సిలిండరు గోడ అరిగితే లేతు మీద తొలిచి, ఒక సైజు పెద్ద పిస్టను వేస్తారు. మొదట పావు మిల్లీమీటరు, తర్వాత అర, ముప్పావు, ఆఖరికి ఒకటి. అక్కడితో సరి, ఆపైన గోడ ఆగదు, బ్లాకే మార్చాలి. కోటయ్య బండి ముప్పావు దగ్గరుంది. "ఇంకొక్కటే బాబాయ్" అని భాయ్ వేలు చూపించాడు. ఇంకొక్కటి ఉందన్న మాటే కోటయ్య చెవిన పడింది.

తీసేసిన సామాను భాయ్ దగ్గర వదిలే అలవాటు లేదు. అరిగిన చైనుతో కళ్ళం గేటు కట్టాడు. ట్యూబు కోసి పంపు గొట్టానికి చుట్టాడు. పాత పిస్టన్లు అటక మీద వరసగా ఉన్నాయి, చిన్నదాని పక్కన పెద్దది. ఇవన్నీ, మడ్‌గార్డుతో సహా, బిగించుకుంటే ఇంట్లో ఇంకో ముప్పాతిక బండి ఉన్నట్టే. కొత్తది ఎందుకంటాడు.

భార్య మధ్యేమార్గం చెప్పింది. "ఏమయ్యా, దీన్ని పొలం బండి చేసి, ఊళ్ళకి పోవడానికి ఇంకోటి కొనుక్కో. అందరూ అట్టాగే చేస్తన్నారుగా." తెలివైన మాట. యూరియా ఉప్పు, పురుగుమందు చుక్కలు తగిలితే కొత్త బండి రంగు ఒక్క సీజనుకే దిగిపోతుంది. పొలానికి పాతదే మేలు. కోటయ్య ఆలోచించి, "రెండు బండ్లకి పెట్రోలు ఎవడు పోస్తాడు?" అన్నాడు. రెండింటినీ ఒకేసారి తోలడు కదా అని ఆవిడ అనేలోపే వెళ్ళిపోయాడు. హైదరాబాదులో ఉన్న కొడుకు నేను కొనిస్తానన్నాడు. "నీ డబ్బు దాచుకో, రేపు నీకే అవసరం పడుద్ది" అన్నాడు, అప్పటికి ఆ కొడుకు జీతంతోనే మందుల షాపు ఖాతా సగం తీర్చి.

బండి ఇంకో ఏడు పనికొస్తుందో లేదో తేల్చే పరీక్ష కోటయ్య సొంతంగా పెట్టుకున్నాడు. శివరాత్రి తిరునాళ్ళ రద్దీ తగ్గాక భార్యని ఎక్కించుకుని కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కుతాడు. పైదాకా ఆగకుండా పోతే బండి పాసు. కిందటిసారి కూడా పాసయింది.

"ఆఖరి మలుపు కాడ నన్ను దింపావుగదయ్యా!"

"దిగావు గాబట్టే ఎక్కింది. బండిదేం తప్పు?"

2025 సెప్టెంబరు 22న 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. వేలల్లో తేడా. దసరాకి ఊళ్ళో కొన్ని కొత్త బండ్లు నిమ్మకాయలు తొక్కాయి. కోటయ్య మాత్రం, "పది తగ్గిందంటే ఇంకో పది తగ్గకపోద్దా" అని ఆగాడు. ఎలాగూ పత్తి డబ్బు బండికేనని ఇంట్లో మాటిచ్చి ఉన్నాడు. అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చి విచ్చిన పత్తిని తడిపేసింది. తేమ 12 శాతం దాటితే సీసీఐ ముట్టుకోదు. గుప్పెడు పత్తి పట్టుకుని కొనుగోలు కేంద్రానికి అదే బండి మీద పోయి, మీటరులో పెట్టించుకుని, అదే గుప్పెడుతో తిరిగొచ్చాడు.

చివరికి కోటయ్యని షోరూము మెట్లు ఎక్కించింది పొగా కాదు, పెళ్ళామూ కాదు, ఆర్‌సీ. మొదటి పదిహేనేళ్ళు అయిపోయి, ఆపైన ఇచ్చిన ఐదేళ్ళూ అయిపోవచ్చాయి. ఇరవయ్యేళ్ళు దాటిన మోటారుసైకిలు రెన్యువలుకి 2025 ఆగస్టు నుంచి రెండు వేలు. దానికి ముందు బ్రేకులు, లైట్లు, హారను చూపించాలి. హారను సంగతి చెప్పుకున్నాం కదా.

షోరూము కుర్రాడు అంకుల్ అన్నాడు, మంచినీళ్ళిచ్చాడు, కొత్త బండి చుట్టూ తిప్పాడు. కోటయ్య వంగి చూసి, "కార్బొరేటర్ ఏదబ్బాయ్?" అన్నాడు.

"2020 నుంచి లేదంకుల్. బీఎస్ సిక్సు. ఫ్యూయల్ ఇంజెక్షను."

"మరి చేలో ఆగిపోతే నేనేం విప్పాలి?"

"ఏం విప్పక్కర్లేదంకుల్. సర్వీసు సెంటర్లో కంప్యూటరు పెట్టి చూస్తారు."

కోటయ్య జెట్టు ఊడదీసి, నోటితో ఊది, చొక్కాకి తుడిచి బిగించిన రోజులన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టు నిలబడ్డాడు. అయినా మెత్తబడ్డాడనే చెప్పాలి. సెల్ఫు బటను నొక్కి చూశాడు. మోకాలు కదపకుండానే ఇంజను పలికింది. రెండోసారి నొక్కాడు, అవసరం లేకపోయినా. రోడ్డెక్కేసరికి లక్షకి అటూ ఇటూ అవుతుందన్నారు, తల ఊపాడు. ఫైనాన్సు కాగితం కూడా చేతిలోకి తీసుకున్నాడు. ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చే మనిషికి అందులోని అంకెలు బెదురు పుట్టించలేదు. వాకిట్లో నిలబడ్డ భార్యకి నమ్మకం కుదిరి, బండికి కట్టడానికి పూల కోసం చుట్టూ చూసింది.

"పాతది ఎక్స్చేంజిలో ఇస్తారా అంకుల్?" అంటూ కుర్రాడు బయటికొచ్చి, స్ప్లెండరు చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, పక్కవాణ్ణి సంప్రదించి, "ఐదు వేలు వేసుకుంటాం" అన్నాడు.

కోటయ్య మొహం యార్డులో పాటదారు తేజా రకం మిరపకాయని తాలుకాయ కింద కట్టినప్పటి మొహమైపోయింది.

"ఐదా?"

"ఆరు చేయిస్తానంకుల్, మీకోసం."

ఫైనాన్సు కాగితం మడిచి కుర్రాడి చేతిలో పెట్టాడు. కిక్కు కొట్టాడు. మూడోదానికి తెల్లపొగతో ఇంజను లేచింది.

"ఎక్కవే" అన్నాడు భార్యతో. "రేటు లేదు. ఇంకొన్నాళ్ళు ఉంచుదాం."