దిస్సా? దట్టా?

ఎల్లారెడ్డిలో నిలబడితే కామారెడ్డి ‘గాడ’. కామారెడ్డిలో బస్సు దిగితే ఎల్లారెడ్డి ‘గాడ’. నడుమ లింగంపేటలో చాయ్ తాగేవాడికి రెండూ ‘గాడ’లే. ఈ లెక్క మా దిక్కు బడి మొఖం చూడని ముసలవ్వకు కూడా ఎరుకే. ఇంగ్లీషుకూ ఇదే లెక్క అని బడిలో మమ్మల్ని నమ్మించారు. దగ్గరుంటే దిస్, దూరముంటే దట్, ఒకటి కన్నా ఎక్కువుంటే దీజ్, దోజ్. నాలుగే మాటలు, అయిపోయింది పాఠం.

మనుషుల జోలికి పోయినప్పుడు మొదలవుతుంది తంటా. మనకు వీడు, ఇతను, ఈయన, వీరు అని మెట్లున్నాయి. మగమనిషిని ‘ఇది’ అంటే పంచాయితీ పెట్టాల్సిందే. ఇంగ్లీషువాడు కలెక్టరునైనా కన్నతండ్రినైనా ‘దిస్’ అనే పరిచయం చేస్తాడు. ఎల్లారెడ్డిలో ఓ పెండ్లికి మా మేనల్లుడు అమెరికా దోస్తును తోలుకొచ్చి, “దిస్ ఈజ్ మై గ్రాండ్‌ఫాదర్” అన్నాడు. తాతకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. “ఏందిరా, నన్ను వట్టుకొని గిది అంటున్నవ్?” అని కండువా దులిపాడు. వాడు బెదిరిపోయి, మర్యాద కలిపి, “దీజ్ ఆర్ మై గ్రాండ్‌ఫాదర్” అన్నాడు. దోస్తు రెండో తాత ఎక్కడున్నాడా అని తాత వెనక్కి తొంగిచూశాడు.

అదే దోస్తు బగారన్నం తిని, చెయ్యి కడగకముందే “దట్ వాజ్ గుడ్” అన్నాడు. తిన్నది కడుపులోనే ఉంది, అంతకన్నా దగ్గర ఇంకేముంటుంది? కాని ఇంగ్లీషులో ముగిసిన ముచ్చట దట్, చెప్పబోయేది దిస్. ఫోన్లో మరీ విచిత్రం. “మీరు ఫలానా ఆయనేనా?” అని అడగడానికి లండన్‌వాడు మామూలుగా దట్ అంటాడు, అమెరికావాడు దిస్ అంటాడు. ఎల్లారెడ్డికి లండన్ కన్నా అమెరికానే దూరం మరి!

ఒకప్పుడు ఇంగ్లీషులో ఇంకా అవతల ఉన్నదానికి ‘యాన్’ అని మూడో మాట ఉండేది. ఇప్పుడు మామూలు వాడుకలో లేదు. కామారెడ్డిలో మాత్రం మూడోదానికి గిరాకీ తగ్గలేదు. 2023 ఎన్నికల్లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, ఫలితాలొచ్చిన నాలుగు రోజులకు ముఖ్యమంత్రి కాబోతున్న రేవంత్ రెడ్డి ఇద్దరూ ఇక్కడ పోటీకి దిగారు. దిస్సా, దట్టా అని దేశమంతా చూస్తుంటే, ఓటర్లు కాటిపల్లి వెంకటరమణారెడ్డిని గెలిపించారు.

ఇంత తిరకాసు ఉండగా, పరీక్షలో “డాష్ ఈజ్ ఎ బుక్” అని ఇచ్చి ఖాళీ నింపమంటారు. పుస్తకం బల్లమీదుందా, బీరువాలో ఉందా? చెప్పరు. అనేవాడెవడో, ఎక్కడ నిలబడ్డాడో అసలే చెప్పరు. పేపర్లు తయారుచేసే సార్లూ, మేడమ్‌లూ, ఖాళీ పక్కన కనీసం ఒక మనిషి బొమ్మయినా వేయించండి. అచ్చు ఖర్చు ఎక్కువనుకుంటే, ఏది రాసినా మార్కు ఇచ్చేయండి.