డివైడ్ టాక్ వచ్చిన కల

గుంటూరు మిర్చి యార్డులో ఏ రైతూ వ్యాపారితో “ఈ కాయ నీకు అర్థం కాలేదు” అనడు. వ్యాపారి టిక్కీ కోసి, లోపలికి చెయ్యి పెట్టి, నాలుగు కాయలు పైకి లాగి విరిచి చూస్తాడు. రంగు తగ్గిందంటాడు, నిమ్ముందంటాడు, తాలు కలిసిందంటాడు. రైతు ఒప్పుకోడు. గొంతులు లేస్తాయి. ఎంత లేచినా తగాదా కాయ మీదే. ఆ కాయ ఇద్దరి కళ్ల ముందే ఉంటుంది. యార్డు దగ్గర ఆటో ఎక్కితే కాసేపట్లో బ్రాడీపేటలో దిగుతాం. ఇక్కడ సినిమా మీద తగాదా మొదలైతే మాత్రం సరుకు ఎవరూ బయటికి తియ్యరు. “నచ్చలేదండీ” అని నోరు జారామా, “మీకు అర్థం కాలేదు” అని ముఖం మీదే తలుపేస్తారు.

ఈ మాట బాగా చెల్లే సినిమా ఒకటుంది. పేరు ‘వేకింగ్ లైఫ్’. 2001లో వచ్చింది. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో కాపురముండే రిచర్డ్ లింక్‌లేటర్ తీశాడు. ఒక కుర్రాడు ఊళ్లో దిగుతాడు. పేరు కూడా చెప్పరు. పడవలాంటి కారులో ఎవరో ఎక్కించుకుంటారు. తను ఎక్కడ దిగాలో తనకే తెలీదు, ఆ కారులో ఉన్న ఇంకొకడు చెప్పినచోట దింపేస్తారు. నడిరోడ్డు మీద ఒక కాగితం. కుడిపక్కకు చూడమని దాని మీద రాసుంటుంది. చూసేసరికి కారు మీదికొచ్చేస్తుంటుంది. ఉలిక్కిపడి పక్క మీద లేస్తాడు. అక్కణ్ణుంచి ఎదురైన ప్రతివాడూ అతన్ని నిలబెట్టి మాట్లాడతాడు. స్వేచ్ఛ, పరిణామం, భాష, చావు, కాలం, కల. లేచాననుకుంటాడు, లేవడు. మళ్లీ లేస్తాడు, అదీ కలే. చివరికి గాల్లోకి తేలిపోతాడు. సుమారు వంద నిమిషాలు. ఫైటు లేదు, పాట లేదు, పెళ్లి లేదు.

మన సినిమా వ్యాపారంలో ఇలాంటివాటికి ‘డివైడ్ టాక్’ వచ్చిందంటారు. అమెరికాలో 30 లక్షల డాలర్ల లోపే వసూలు చేసింది. విమర్శకుల్లో చాలామంది నెత్తిన పెట్టుకున్నారు. రోజర్ ఎబర్ట్ నాలుగు నక్షత్రాలిచ్చి, తర్వాత తన మహాచిత్రాల జాబితాలోనూ వేసుకున్నాడు. టికెట్టు కొన్నవాళ్లు మాత్రం నిలువునా చీలిపోయారు. జీవితం మారిపోయిందన్నవాళ్లు కొందరు, కాలేజీ హాస్టల్లో అర్ధరాత్రి వాగుడంతా తెర మీద పోశాడన్నవాళ్లు కొందరు, ఆ బొమ్మల ఊగులాటకు కళ్లు తిరిగాయన్నవాళ్లు ఇంకొందరు. ఇందులో తప్పేమీ లేదు. సినిమా అన్నాక నచ్చడం, నచ్చకపోవడం రెండూ ఉంటాయి. నచ్చినవాళ్లంతా పాసై, నచ్చనివాళ్లంతా ఫెయిలైనట్టు మార్కుల జాబితా అంటించడం దగ్గరే నాకు పేచీ.

బ్రాడీపేటకు పరీక్షల గాలి బాగా సోకింది, నిజమే. ఏ సందు తిరిగినా కోచింగు బోర్డే. అయినా ఈ సినిమా పరీక్ష తీరే వేరు. పేపరు ఇవ్వరు, జవాబు అడగరు, నచ్చిందంటే చాలు నూటికి నూరు. “బాగుంది” అన్నవాణ్ణి “ఏది బాగుంది నాయనా?” అని అడిగిన పరీక్షకుడు ఇంతవరకూ పుట్టలేదు. “బాగోలేదు” అన్నవాడికే వివరణలు, రీవాల్యుయేషన్లు, రెండోసారి చూడమని సప్లిమెంటరీలు. రెండోసారి చూసీ బాగోలేదంటే మూడోసారి. మూడోసారి కూడా అదే మాటంటే, ఇక జన్మలో లాభం లేదని టీసీ ఇచ్చేస్తారు. నచ్చినవాడికి అర్థం కాకపోయుండొచ్చు కదా అనే అనుమానం ఎవరికీ రాదు. నా లెక్కలో అసలు ప్రమాదం వాడితోనే.

పేర్లు వల్లించేవాళ్లను గమనించండి. సినిమా మొదట్లో రాబర్ట్ సాలమన్ కనిపిస్తాడు. ఆయన నటుడు కాదు, టెక్సస్ విశ్వవిద్యాలయంలో నిజంగా తత్వశాస్త్రం చెప్పిన ఆచార్యుడు. అస్తిత్వవాదమంటే నిరాశ కాదు, మనం చేసే పనికి మనమే పూచీ పడాలి, పరిస్థితుల మీదికి నెట్టి తప్పుకోకూడదు అనేది ఆయన చెప్పే సంగతి. పదో తరగతి పిల్లవాడికి కూడా తెలిసేటట్టు చెబుతాడు. మన పాసైన విద్యార్థిని ఆ ఘట్టం గురించి అడిగితే “సార్త్ర్ అన్నా, సార్త్ర్!” అని ఆ ఫ్రెంచి తత్వవేత్త పేరు పలికి కళ్లు మూసుకుంటాడు. పేరు పలకడంతో పూచీ తీరిపోయింది. కన్యాశుల్కంలో గిరీశం ఇప్పుడు బతికి ఉంటే చుట్ట ఆర్పేసి, లెటర్‌బాక్స్‌డ్ అనే సినిమా సమీక్షల సైట్లో ఖాతా తెరిచి ఉండేవాడు.

ఇంకో ముచ్చట. ఈ సినిమాలో ప్రతి మాటా మహావాక్యమని నమ్మేవాళ్లు ఒక మనిషిని మాత్రం తెలివిగా దాటేస్తారు. కారుకు లౌడ్‌స్పీకరు కట్టుకుని, వీధుల్లో తిరుగుతూ, వ్యవస్థ మీద గొంతు చించుకుని అరుస్తాడు ఒకాయన. అరిచేకొద్దీ ముఖం రంగులు మారిపోతుంది. ఆయన పేరు అలెక్స్ జోన్స్. శాండీ హుక్ బడిలో పసిపిల్లల్ని కాల్చి చంపిన ఘటన నాటకమని ఏళ్ల తరబడి ప్రచారం చేసినందుకు, ఆ కుటుంబాలకు వంద కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2022లో జ్యూరీలు తేల్చింది ఈయన మీదే. ఇప్పుడు చెప్పండి, ఈయన ఉపన్యాసం కూడా లోతైనదేనా? లింక్‌లేటర్ పండితుణ్ణీ పిచ్చివాణ్ణీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడు. ఒంటి మీద పెట్రోలు పోసుకుని అంటించుకునేవాడున్నాడు, జైలు గదిలో పళ్లు నూరేవాడున్నాడు. ఎవరి మాట వినాలో, ఎవరి మాటకు నవ్వుకోవాలో మనకే వదిలేశాడు. అందరికీ ఒకే దణ్ణం పెట్టే భక్తుడు ఆ పని ఎగ్గొట్టి, అర్థమైందని బోర్డు తగిలించుకున్నాడు.

అవతలి గట్టువాళ్లేమీ తక్కువ తినలేదు. “కథేది? ఇంటర్వెల్ బ్యాంగ్ ఏది? అంతా ల్యాగ్” అంటారు. కల అంటే ఏమిటో తెలియని అమాయకుల్లా మాట్లాడటం వాళ్లకు బొత్తిగా నప్పదు. మన హీరో చిలకలూరిపేట దగ్గర పత్తి చేలో కునుకు తీస్తే స్విట్జర్లాండు మంచులో తేలతాడు. పల్లవికో చొక్కా, చరణానికో కోటు. చుట్టూ యాభైమంది ఎక్కణ్ణుంచి వచ్చారో, ఆ పిల్ల చీర ఒక్కదాంతో చలికెలా తట్టుకుందో ఎవరూ అడగరు. దశాబ్దాలుగా ఈ లెక్కను నోరెత్తకుండా ఒప్పుకున్న ప్రేక్షకుడు, కలలో నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే మాత్రం లాజిక్కు లేదంటాడు. అసలు అభ్యంతరం ఏమిటో నాకు తెలుసు. మన కలపాట చివర తల్లో చెల్లెలో వచ్చి చెంబుడు నీళ్లు కొడుతుంది, హీరో లేస్తాడు, కథ సాగుతుంది. ఇందులో ఆ చెంబు రాదు.

కలను బొమ్మగా గీయడం కూడా మనకు కొత్త కాదు. భాగవతంలో ఉష కలలో ఒక కుర్రాణ్ణి చూస్తుంది. ఎవరో తెలీదు. చెలికత్తె చిత్రలేఖ కుంచె పట్టుకుని దేవతల్ని, గంధర్వుల్ని, రాజకుమారుల్ని వరసగా గీస్తూ పోతుంది. అనిరుద్ధుడి బొమ్మ దగ్గర ఉష ఆగుతుంది. ఆ కథను యక్షగానాల్లో చూశాం, తెర మీదా చూశాం. అప్పుడు చిత్రలేఖ ఎంత గీసిందో, ఎలా గీసిందో చెప్పుకుని మురిసిన జాతి, ఈ సినిమా దగ్గర గీతల సంగతే ఎత్తదు. నాకు అన్నిటికంటే వింతగా తోచేది ఇదే.

సినిమాను ముందు మామూలు మనుషులతో చిన్న డిజిటల్ కెమెరాల మీద తీశారు. తర్వాత బాబ్ శాబిస్టన్ తయారుచేసిన రోటోషాప్ అనే సాఫ్ట్‌వేరులో, ముప్ఫైమందికి అటూ ఇటూ చిత్రకారులు ఆ దృశ్యాల మీద గీతలు గీశారు. నిమిషం బొమ్మకు 250 గంటల దాకా పని అని చెబుతారు. అలా చూస్తే మొత్తం పాతికవేల గంటల మాట. ఒక్కో పాత్రను ఒక్కో చిత్రకారుడికి అప్పగించారు కాబట్టే, ఒకరి ముఖం నూనెరంగులా, ఇంకొకరిది పెన్సిలు గీతలా ఉంటుంది. గోడలు నిలకడగా ఉండవు. కుర్చీ ఒకచోట, దాని అంచు ఇంకోచోట తేలుతుంటాయి. తీసిన దృశ్యం మీద గీసే ఈ రోటోస్కోపు పద్ధతికి మాక్స్ ఫ్లైషర్ 1917లోనే పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ హైదరాబాదు వీఎఫ్‌ఎక్స్ ఆఫీసుల్లో మన పిల్లలు రాత్రింబవళ్లు చేసే పనికి ‘రోటో’ అని పేరొచ్చింది ఆ రోటోస్కోపు నుంచే. బ్రాడీపేటలో చదివి అక్కడ ఉద్యోగానికి చేరిన కుర్రాళ్లకు ఈ సినిమా గురించి మిగతా అందరికంటే ఎక్కువ తెలిసే వీలుంది. వాళ్లను ఎవరూ అడగరు. వాళ్లు సార్త్ర్ పేరు చెప్పరు కదా.

నా మటుకు ఈ సినిమాలో మాటలు సగం మామూలువే. కొన్ని విన్నవే, కొన్ని వింటుంటే ఆవలింత వస్తుంది. గీతలు మాత్రం మాటను ఒంటరిగా వదలవు. ఒకచోట ఇద్దరు కూర్చుని, సినిమా అనేది క్షణాన్ని పవిత్రంగా పట్టుకోవడమని ఫ్రెంచి విమర్శకుడు బజాఁ సిద్ధాంతం చెప్పుకుంటారు. సరే, మనమూ ఒక క్షణం అలా ఉందామని ఒకరినొకరు కళ్లార్పకుండా చూసుకుంటారు. ఇద్దరూ మేఘాలైపోతారు. అది భక్తా, వెక్కిరింతా? రెండూ అనుకుంటాను. దాని మీద రెండు గంటలు కొట్టుకోవచ్చు. కానీ అర్థమైనవాళ్లకు తీరిక లేదు, అర్థం కానివాళ్లను లెక్కపెట్టుకోవాలి.

ఈ గొడవలోకి రాని మహానుభావుడొకరున్నారు. మా బాబాయిగారి వరస. సినిమా చూడకుండానే తేల్చేస్తారు. “ఇందులో కొత్తేముందిరా అబ్బాయ్! జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయం అని మాండూక్యంలో ఎప్పుడో చెప్పేశారు మనవాళ్లు.”

“పన్నెండు మంత్రాలే కదా బాబాయ్, మీరు చదివారా?”

“మా నాన్నగారు చదివేవారు.”

చదివితే ఈ సినిమాతో తగాదాకు ఆయన దగ్గర మంచి సరుకుండేది. గౌడపాదుడు ఆ మాండూక్య ఉపనిషత్తు మీద రాసిన కారికల్లో కలలో చూసింది ఎంత అబద్ధమో మెలకువలో చూసిందీ అంతే అబద్ధమని వాదిస్తాడు. ఈ కుర్రాడేమో మెలకువ అనేది ఒకటుందని నమ్మి, అందులోకి రాలేక గింజుకుంటాడు. గౌడపాదుడి లెక్కలో వాడి బాధే తప్పు. బాబాయిగారు ఇది పట్టుకుంటే సాలమన్‌ను కూడా నిలదీయొచ్చు. ఆయన పట్టుకోరు. మనవాళ్లు చెప్పారంటే చాలు, ఏం చెప్పారన్నది వాళ్ల సొంత విషయం.

బొమ్మల సినిమా అనగానే పిల్లల్ని కూర్చోబెట్టి, పావుగంటకే లేపుకుపోయిన తండ్రుల కోపం వేరే రకం. పూర్తి నిడివి యానిమేషన్ సినిమాలకని ఆస్కారు బహుమతి మొట్టమొదట ఇచ్చింది ఆ 2001 చిత్రాలకే. ‘ష్రెక్’ గెలిచింది. ‘వేకింగ్ లైఫ్’ పోటీలో చివరి మూడింటిలోకే రాలేదు. కాబట్టి ఆ తండ్రులకు ఆస్కారువాళ్ల మద్దతుంది. వీళ్లనేమీ అనను.

ఇక కలలో ఉన్నామా, మెలకువలో ఉన్నామా తెలుసుకోవడానికి సినిమాలో చెప్పిన చిట్కాలు చూడండి. లైటు స్విచ్చి నొక్కి చూడాలట. కలలో వెలుతురు మారదట. ఈ పరీక్ష ప్రకారం 2012లో కరెంటు కోతల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం గాఢస్వప్నంలో ఉంది. రెండోది, గడియారంలో అంకెలు చూడాలట. కలలో అంకెలు నిలవవు, చెదిరిపోతాయి. ఆస్టిన్‌వాళ్లకేం, చెల్లుతుంది. బ్రాడీపేటలో ఉన్నవే అంకెలు. లైనుకో అంకె, అడ్డరోడ్డుకో అంకె. 4/14 అంటే ఇంకో మాట అక్కర్లేకుండా ఇల్లు దొరుకుతుంది. ఆ అంకెలు చెదిరితే మనిషి తెల్లార్లూ తిరిగినా గుమ్మం చేరడు. ఇంత భయంకరమైన సంగతి సినిమాలో ఉండగా, మా పేట మేధావి ఒక్కడూ దీన్ని పట్టించుకోలేదు.

వీళ్లకు ఇంకో తురుపుముక్క ఉంది. “శంకరాభరణానికి మాత్రం మొదట్లో జనం వచ్చారా?” అంటారు. నిజమే, 1980లో హాళ్లు మొదట వెలవెలబోయి తర్వాత కిటకిటలాడాయని చెప్పుకుంటారు. తీసిన కె.విశ్వనాథ్ గుంటూరు హిందూ కాలేజీలో చదివినవాడే కాబట్టి మాకు ఇంకాస్త గర్వం. కానీ జనం రాని సినిమాలు వందలున్నాయి, శంకరాభరణం ఒక్కటే. పైగా తర్వాత వచ్చిన జనం అర్థమయిందని సర్టిఫికెట్టు పుచ్చుకుని రాలేదు. రాగాల పేర్లు తెలియని రిక్షావాళ్లు కూడా మళ్లీ మళ్లీ చూశారు, ఎందుకు బాగుందో ఎవరి మాటల్లో వాళ్లు చెప్పుకున్నారు.

ఈ గోల భరించలేక ఒక పద్ధతి పెట్టుకున్నాను. “నీకు అర్థం కాలేదు” అన్నవాణ్ణీ, “చెత్త” అన్నవాణ్ణీ ఒకటే అడుగుతాను. ఏ నిమిషం దగ్గర? నాకేది అర్థం కాలేదో ఆ నిమిషం చెప్పు, నీకేది చెత్తో ఆ నిమిషం చెప్పు, అక్కడికెళ్లి ఇద్దరం చూద్దాం. మేధావులు “మొత్తంగా చూడాలండీ” అని జారుకున్నారు. ల్యాగ్ అన్నవాళ్లు “అన్నీ” అన్నారు. బాబాయిగారికి నిమిషాలతో పని లేదు. రిటైరైన ఒక మాస్టారు మాత్రం తడుముకోకుండా జవాబిచ్చారు. సరిగ్గా నలభయ్యో నిమిషంలో కునుకు పట్టిందట, పావుగంట నిద్రపోయారట. తనకు మెలకువ వచ్చేసరికి ఆ కుర్రాడు ఇంకా లేవలేదని చెప్పారు.