నేను ఉదయగిరి ఆకురాయిని

నేను ఆకురాయిని. నాకు ఒకవైపు బల్లపరుపు, రెండోవైపు గుండ్రం. నెల్లూరులో ఇనుప సామాన్ల అంగట్లో కొని నన్ను ఉదయగిరి తెచ్చారు. దుర్గం కొండ కింద ఒక ఇంట్లో, అందరూ ఖాలా (పిన్నమ్మ) అని పిలిచే ఆమె నాకు నర్ది చెక్క పిడి బిగించింది. పొట్టి పిడి, ఆమె అరచేతికి సరిపోయేటంత.

ఈ ఊరి కొయ్య చెంచాలకు 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నర్ది, బిక్కి, కల్ది, దేవదారి, పాలబరికి, అన్నీ చుట్టుపక్కల అడవి కొయ్యలే. మొద్దు చీల్చి, బాడిసతో చెక్కి రూపు తెచ్చాక నా వంతు. చెంచా గుంట నున్నగా రావాలన్నా, ఫోర్కు ముళ్లు విరక్కుండా విడిపోవాలన్నా నా పళ్లూ, నన్ను పట్టిన చెయ్యీ కుదరాలి. నేనెరిగిన చేతుల్లో ఎక్కువ ముస్లిం ఆడవాళ్లవే. బడి మధ్యలో మానేసినవాళ్లు, మగదిక్కు పోయినవాళ్లు, చంటిబిడ్డను ఒళ్లో వేసుకుని రుద్దేవాళ్లు.

కొత్త పిల్ల పనికొస్తే ఖాలా పేరు కూడా తర్వాతే అడిగేది. ఒక చెక్కముక్కా, నన్నూ చేతికిచ్చి "రుద్దు, చూస్తా" అనేది. అరగంటలో తెలిసిపోయేది.

అట్లా వచ్చిందే చెవులు వినపడని పిల్ల. "చెప్తే వినపడదే, ఎట్లా నేర్పిస్తావు?" అంది పక్కింటామె. ఖాలా జవాబు చెప్పలేదు. ఆ పిల్ల చేతి మీద తన చెయ్యి వేసి నన్ను నడిపింది. కొయ్య పొరకు ఎదురుపోతే నేను అదురుతాను. ఆ అదురు చెవికన్నా ముందు అరచేతికే తెలుస్తుంది. నెల తిరక్కముందే సన్నముళ్ల పనంతా ఆ పిల్ల చేతికి వచ్చింది. అంత తేలిగ్గా నన్ను నడిపినవాళ్లు మరొకరు లేరు.

ఖాలా కూతురు డిగ్రీ చదివింది. ఆత్మకూరులో లెక్కలు రాసే కొలువు ఉందంటే పొద్దున్నే బస్సెక్కి పోయింది. సాయంత్రం వచ్చి నా పక్కనే కూలబడింది. "లెక్కలు ఒక్కటీ అడగలేదమ్మీ. పెళ్లెప్పుడు, బురఖాలోనే వస్తావా, ఏదీ ఇంగ్లీషులో మాట్లాడు... ఇవే" అంది. ఆ రాత్రి నన్ను పట్టుకుంటే చెయ్యి వణికి చెంచా కాడ ఒకవైపు కోసుకుపోయింది. ఖాలా ఆ చెంచాను అమ్మలేదు, పొయ్యిలో పెట్టనూ లేదు. గూట్లో దాచింది.

ఆ కూతురే ఒకరోజు తల్లికి చట్టాలు చదివి వినిపించింది. ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. అప్పటి పరిశ్రమల మంత్రి ఆత్మకూరు ఎమ్మెల్యే మేకపాటి గౌతంరెడ్డి. పని వచ్చినవాళ్లు దొరక్కపోతే సర్కారుతో కలిసి మూడేళ్లలో నేర్పించి తీసుకోవాలని ఆ చట్టంలోనే రాశారు. నాకు ఆ రెండో మాటే నచ్చింది, ఖాలా చేసేదీ అదే గదా. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెప్పింది. వినపడని పిల్ల అప్పుడు నన్ను పట్టుకుని ముళ్లు దీస్తూ ఉంది. స్థానికులు అన్నప్పుడు ఆ పిల్లా స్థానికురాలే, బురఖా వేసుకున్న పిల్లా స్థానికురాలే.

మా ఇంట్లోనూ తప్పు ఉండింది. రుద్దే చేతులకు ముక్కకింతని కూలి, బేరం మాత్రం మగవాళ్లది. ఇప్పుడు ఆ లెక్కల పుస్తకం కూతురు తీసుకుంది. ఏ చెంచా ఎంతకు పోయిందో ఆడవాళ్లందరికీ చదివి చెప్తుంది.

నా పళ్లు అరిగిపోయాయి, ఇంక ఎక్కువ రోజులు పనికిరాను. ఆత్మకూరులో, నెల్లూరులో కొలువులిచ్చే అయ్యలారా, అమ్మలారా, ఈసారి మా పిల్ల వస్తే మీ లెక్కల పుస్తకం ముందు పెట్టండి. అరగంట చూడండి. మిగతావి ఆ తర్వాత అడుగుదురు.