‘అమ్మ’ను కోసేసిన హ్యాండ్లర్

కువైట్ దినార్‌కి వెయ్యి ఫిల్సులు. అంటే చుక్క తర్వాత మూడంకెలు. చాలా సాఫ్ట్‌వేర్లు రెండంకెలకే అలవాటు పడ్డాయి. వంద దినార్లను ఫిల్సుల్లో 100000 అని చుక్క లేకుండా పంపితే, అవతలివాడు రెండంకెల లెక్కన చదివి వెయ్యి దినార్లు అనుకుంటాడు. కరెన్సీ కోడ్ చూసి చదివితే ఈ గొడవే ఉండదు. అంత తేలిగ్గా తేలిపోతే ఇక ఇంటిగ్రేషన్ ఆర్కిటెక్టు గారెందుకు? సందేశం బయటికెళ్లే గుమ్మం దగ్గర ఆయన ఓ ‘కస్టమ్ హ్యాండ్లర్’ని కూర్చోబెడతారు. దాని పని ఒక్కటే: చివరి అంకె కొట్టెయ్. 100.250కి ఏమీ కాదు. 100.255లో అయిదు ఫిల్సులు గల్లంతు. టెస్టింగులో అన్నీ సున్నాతో ముగిసే మొత్తాలే పెట్టారు కాబట్టి పాసైంది. కేకు కూడా కోశారు.

రుచి మరిగాక కత్తెర ఊరుకుంటుందా? తర్వాత పేర్ల మీద పడింది. బ్యాంకులు డబ్బు పంపడానికి వాడిన స్విఫ్ట్ ఎంటీ 103 సందేశంలో పేరుకీ చిరునామాకీ కలిపి నాలుగు వరుసలు, వరుసకి 35 అక్షరాలు. పేరు పొడుగైతే మిగతాది రెండో వరుసలో రాసుకోవచ్చు. హ్యాండ్లర్‌కి అంత ఓపిక లేదు. ఇంటిపేరు, మధ్యలో ఇంకో రెండు పేర్లు, చివర వెంకటసుబ్బమ్మ. ముప్పై అయిదో అక్షరం దగ్గర కచక్! కొడుకు డబ్బు పంపింది వాళ్లమ్మకి. రాయచోటి చేరింది ‘వెంకటసుబ్బ’ పేరుతో. ఖాతాలో ఆ పేరున్న మగాయన ఎవరూ లేడు. డబ్బు వాపసు.

శుక్రవారం సెలవు పూట కువైట్‌లోని మాలియాలో, డబ్బు పంపే కౌంటర్ ముందు క్యూ.

“పేరు తప్పు రాసినావన్నా.”

“మాయమ్మ పేరు నేనే తప్పు రాస్తానా?”

“సిస్టమ్‌లో అట్లే వచ్చింది. మళ్లీ పంపు, మళ్లీ చార్జీ పడుతుంది.”

అంతలో లోకం మారింది. 2025 నవంబరుతో బ్యాంకుల మధ్య సరిహద్దులు దాటే చెల్లింపు ఆదేశాలకు పాత ఎంటీ రూపం గడువు తీరింది. కొత్త ఐఎస్ఓ 20022లో ఒక్క పేరుకే 140 అక్షరాల చోటు. బ్రహ్మాండం! కొత్త ప్లాట్‌ఫాం కొన్నారు, కన్సల్టెంట్లను దింపారు, పాత హ్యాండ్లర్‌ని పువ్వుల్లో పెట్టి కొత్తింట్లోకి తెచ్చుకున్నారు. తీసేస్తే ఏం కూలుతుందోనని భయం. ఇప్పుడది 140 గళ్ల విశాలమైన గదిలో కూర్చుని, ముప్పై అయిదో అక్షరం దగ్గరే కోస్తోంది.

ఆర్కిటెక్టు గారి డాష్‌బోర్డు మాత్రం పచ్చపచ్చగా ఉంది. సందేశం బయటికెళ్లింది, ఆయన బాధ్యత అంతవరకే. వాపసొచ్చిన డబ్బు సంగతి అడిగితే, అది ఇన్‌బౌండట. వేరే టీమట.