సారుకు మినహాయింపు

మాదాపూర్‌లో ఇప్పుడు ఏఐ లేని సరుకు అమ్ముడుపోదు. నిన్నటిదాకా యాంటీవైరస్ అని సాదాసీదాగా బతికిన డబ్బాకే ఇవాళ ఏఐ స్టిక్కరు అంటించి, స్టార్ హోటల్లో బఫే పెట్టి మరీ అమ్ముతున్నారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ బోర్డులూ మారాయి. ఒకప్పుడు జావా, తర్వాత శాప్, ఆ తర్వాత డెవాప్స్, ఇప్పుడు ‘ఏఐ సైబర్ సెక్యూరిటీ, డెమో క్లాసు ఉచితం’. సిలబస్ సంగతేమో గానీ ఫ్లెక్సీ మాత్రం కొత్తదే.

వెటకారం అలా ఉంచితే, మార్పు నిజమే. 1998లో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో కంపెనీకి కాపలా అంటే గేటు దగ్గర యూనిఫాంలో ఒక పెద్దాయన, ఆయన ముందు ఒక రిజిస్టరు. అదే నగరంలో 2025 జూన్ 18న గూగుల్ సేఫ్టీ ఇంజినీరింగ్ సెంటర్ తెరుచుకుంది. దేశంలో అలాంటిది ఇదే మొదటిది. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రారంభించారు. ఆన్‌లైన్ మోసాలనూ దాడులనూ ఏఐతో పసిగట్టే పని అక్కడ జరుగుతుందట. సంతోషం. ఇక మన ఆఫీసుల గేట్ల దగ్గర పెద్దాయన ఇంకా ఉన్నాడు, రిజిస్టరూ ఉంది. పెన్ను మాత్రం మనమే తెచ్చుకోవాలి.

ఈ మార్పు పగలు కనబడదు, రాత్రి షిఫ్టులో కనబడుతుంది. మా మేనల్లుడు ఓ కంపెనీ సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్లో ఎల్-వన్ ఎనలిస్టు. అంటే ప్రపంచం నలుమూలల కంప్యూటర్ల నుంచి వచ్చి పడే అలర్టుల్లో ఏది నిజం దొంగ, ఏది పిల్లి అని తెల్లవార్లూ తేల్చే ఉద్యోగం. ఉదయం పదింటికి కొండాపూర్ నుంచి లాగిన్ అయిన మనిషి పదీ అయిదుకి రొమేనియా నుంచి లాగిన్ అయ్యాడంటే అనుమానించాలి. అయిదు నిమిషాల్లో రొమేనియా కాదు గదా, బయోడైవర్సిటీ జంక్షన్ దాకా కూడా ఎవరూ చేరలేరు. ఇలాంటివి ఇదివరకు మావాడు ఒక్కొక్కటీ చూసి, టికెట్ రాసి, పైవాడికి పంపేవాడు. ఇప్పుడా పని ఏఐ చేస్తోంది. వంద అలర్టులను కలిపి చూసి, అవన్నీ ఒకే దాడి తాలూకు ముక్కలని పోల్చి, నాలుగు వాక్యాల్లో కథ చెబుతుంది. నిద్ర రాదు, టీ అడగదు.

“ఇంతకుముందు అలర్టులు నేను మూసేవాణ్ని మామయ్యా. ఇప్పుడు అది మూస్తుంది. సరిగ్గా మూసిందో లేదో నేను చూస్తా.”

“మరి నువ్వు సరిగ్గా చూశావో లేదో ఎవరు చూస్తారు?”

“అది చూడ్డానికి ఇంకో ఏఐ కొంటున్నారు.”

ఎల్-వన్ వాళ్లు ఇక అక్కర్లేదని మేనేజర్లు మీటింగుల్లో మురిసిపోతున్నారట. ఎల్-టూ, ఎల్-త్రీ అనే అనుభవజ్ఞులు ఎల్-వన్ లోంచే తయారవుతారన్న సంగతి ఏ స్లైడులోనూ ఉండదు. కింది మెట్టు తీసేసి పై మెట్టు మీద నిలబడే విద్య వాళ్లకే తెలియాలి.

సరే, కాపలా తెలివి పెరిగింది. మరి మన దగ్గర దొంగతనాలు కాపలాకు తెలివి చాలకే జరిగాయా? ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సంగతి గుర్తుచేసుకోండి. 2022 జనవరిలో వారాంతం చూసుకుని దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా ఊడ్చుకుపోయారు. హైదరాబాద్ పోలీసులు తవ్వి తీసిన కథ ఇది: అంతకు రెండు నెలల ముందు బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా దొంగ మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు నొక్కారు. 200 మెయిళ్లకు ఇద్దరే నొక్కారంటే మిగతావాళ్ల జాగ్రత్తకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది గానీ, దొంగకు ఇద్దరు చాలు. లోపలికొచ్చాక అతను చూసిన వైభవం ఏమిటి? సర్వాధికారాలున్న సూపర్ యూజర్లు ఏకంగా పదిమంది, అందులో కొందరికి ఒకటే పాస్‌వర్డు. ఫైర్‌వాల్‌కు చెల్లుబాటయ్యే లైసెన్సు లేదు. 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. ఇక్కడ ఏఐ ఉంటే ఏం చేసేదో ఊహించండి. “అయ్యా, సూపర్ యూజర్లు ఎక్కువయ్యారు” అని చక్కటి భాషలో నివేదిక ఇచ్చేది. ఆ నివేదిక ఆ పదిమందిలోనే ఎవరికో వెళ్లేది.

పోలీసుల ఇంట్లోనూ అంతే. తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో 2018లోనే ముఖాలు గుర్తుపట్టే ఏఐ చేర్చారు. 2024లో దాని సమాచారమూ, జనం కోసం పోలీసులే పెట్టిన హాక్‌ఐ యాప్ సమాచారమూ బయటికి పొక్కాయి. పాస్‌వర్డులు యాప్‌లోనే అందరూ చదవగలిగే అక్షరాల్లో పడి ఉన్నాయని పరిశోధకులు అన్నారు. జనం ముఖాలన్నీ గుర్తుపట్టే యాప్, తన తాళంచెవి గుమ్మంలోనే ఉందని గుర్తుపట్టలేకపోయింది. హాక్‌ఐ కేసులో ఓ కుర్ర విద్యార్థిని ఢిల్లీ వైపు నుంచి పట్టుకొచ్చారు. ఆ సమాచారాన్ని 150 డాలర్లకు అమ్మకానికి పెట్టాడట. మన వివరాలకు మార్కెట్లో పలికే ధర విని నాకు దొంగతనం కన్నా ఎక్కువ అవమానంగా అనిపించింది.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్లో ఆ గడువును ఆరు గంటలకు కుదించింది: దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో ప్రభుత్వానికి చెప్పి తీరాలి. ఆ నివేదికను ఏఐ ఒక్క నిమిషంలో రాసిపెడుతుంది. మిగిలిన అయిదు గంటల యాభైతొమ్మిది నిమిషాలూ ‘ఈ మాట సారుకు ఎవరు చెప్తారు’ అన్న చర్చకు సరిపోతాయి.

ఇక మన మంచి కాపలాదారే ముంచిన రోజూ ఉంది. 2024 జులై 19న, ఏఐయే తన పునాది అని చెప్పుకునే సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ ఒక తప్పుడు అప్‌డేట్ పంపింది. మైక్రోసాఫ్ట్ లెక్కన ప్రపంచమంతటా 85 లక్షల కంప్యూటర్లు నీలిరంగు తెర వేసుకుని కూర్చున్నాయి. దొంగ లేడు, దోపిడీ లేదు. కంచే చేను మేసింది. కంప్యూటరు ఆయువుపట్టులోకి దానికి ప్రవేశం ఇచ్చింది మనమే కాబట్టి ఆపేవాళ్లూ లేరు. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేత్తో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడి పాసు ఫొటో లోకమంతా తిరిగింది. చేతిరాత బాగానే ఉంది.

అవతలివాడూ ఊరుకోలేదు మరి. 2025 నవంబరులో ఏఐ తయారుచేసే ఆంత్రోపిక్ సంస్థ బయటపెట్టిన కథ వినండి. చైనా ప్రభుత్వ అండ ఉన్న హ్యాకర్లు ఆంత్రోపిక్ ఏఐతోనే ముప్ఫై దాకా సంస్థల మీదికి వెళ్లారని, పనిలో 80 నుంచి 90 శాతం ఏఐయే చేసిందని ఆ సంస్థ చెప్పింది. దాన్ని ఎలా ఒప్పించారట? “మేం సెక్యూరిటీ కంపెనీవాళ్లం, టెస్టింగ్ చేస్తున్నాం” అన్నారట. నమ్మింది. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూడా “నెట్ రిపేరుకొచ్చాం” అంటే ఇలాగే నమ్ముతాడు. పైగా ఆ ఏఐ పనిచేయని పాస్‌వర్డులను పట్టేశానని, అందరికీ తెలిసిన సంగతులను రహస్యాలని కొన్నిసార్లు రిపోర్టు ఇచ్చిందట. ఇది చదివాక, మన కన్సల్టెంట్ల ఉద్యోగాలకు ముప్పు ఉందని మొదటిసారి నమ్మాను.

మహేశ్ బ్యాంకు నాటికి కనీసం ఒక మనిషి మెయిలు నొక్కాలి. ఇప్పుడా శ్రమ కూడా తప్పింది. 2025 జూన్‌లో ‘ఎకోలీక్’ అని ఒక లోపం బయటపడింది. మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్ అనే ఏఐ సహాయకుణ్ని వాడే ఉద్యోగికి ఒక మెయిలు వస్తుంది. అతను తెరవనక్కర్లేదు. ఏదో పనిమీద కోపైలట్‌ను ప్రశ్న అడిగితే, అది బుద్ధిగా పాత మెయిళ్లన్నీ తిరగేసి, ఈ మెయిల్లో దొంగ దాచిన ఆదేశాన్ని కూడా పాటించి, కంపెనీ గుట్టు బయటికి పంపగలదు. కనిపెట్టింది పరిశోధకులే, మైక్రోసాఫ్ట్ సరిచేసింది, ఎవరికీ నష్టం జరగలేదంది. అయినా గమనించండి: మెయిళ్లన్నీ శ్రద్ధగా చదివే ఉద్యోగి ఆఫీసు చరిత్రలో మొదటిసారి దొరికాడు, వాడితోనే ప్రమాదం వచ్చింది. ఇలాంటి ఏఐ ఏజెంట్లకు ఇప్పుడు మెయిళ్లు, ఫైళ్లు, సర్వర్లు అన్నింటి అనుమతులూ ఇస్తున్నారు. పదిమంది సూపర్ యూజర్ల చోట పదకొండో వాడు చేరాడన్నమాట. పాత పదిమందినీ మాత్రం ఎవరూ తీసేయలేదు.

మావాడి కంపెనీలో ఈమధ్యే కొత్త ఏఐ రక్షణ పెట్టారు. మొదటి వారం అది నెట్‌వర్కంతా జల్లెడ పట్టి ఒక పెద్ద ముప్పును తేల్చింది: ఒక ఖాతాకు అన్ని ఫైళ్లూ అందుతాయి, ఓటీపీ అడగదు, పాస్‌వర్డు ఏళ్లుగా మారలేదు, అర్ధరాత్రి ఎక్కడెక్కడి నుంచో లాగిన్ అవుతుంది. ఆ ఖాతా సారుది. ఓటీపీ చిరాకని ఆయన ఎప్పుడో మినహాయింపు తీసుకున్నారు. ఏఐకి ఆ మర్యాదలు తెలియవు కదా, వెంటనే మూసేయాలంటూ ఎర్రరంగు టికెట్ తెరిచింది. నిబంధన ప్రకారం ఆ టికెట్ ఆమోదానికి సారుకే వెళ్లింది. “బిజినెస్ అవసరం. తప్పుడు అలర్టు” అని రాసి సారు మూసేశారు. మర్నాడు మళ్లీ వచ్చింది, మళ్లీ మూసేశారు. మూడోసారీ అంతే.

రెండో వారం నుంచి ఆ అలర్టు రావడం మానేసింది.

“చెడిపోయిందేమోరా?” అన్నాను.

“లేదు మామయ్యా, నేర్చుకుంది. ఇప్పుడు సారు జోలికి పోవట్లేదు. మాకు ఆ పాఠం వంటబట్టడానికి రెండు అప్రైజళ్లు పట్టాయి.”