పొట్టేలు కొమ్ములు, ఏడు గేర్లు

రెండు మిల్లీమీటర్లు కూడా లేని తేడా మనిషికి నిద్ర లేకుండా ఎలా చేస్తుందో తెలియాలంటే, మౌంటెన్ బైక్‌కి రేసు సైకిల్ హ్యాండిల్ బిగించబోవాలి. మామూలు హ్యాండిల్ చేత్తో పట్టుకునేచోట 22.2 మిల్లీమీటర్ల లావు. వంకీ తిరిగిన రేసు హ్యాండిల్ 23.8. తేడా 1.6. ఆ కాస్తకే పాత బ్రేకు లివర్లు ఎక్కవు, గేరు లివర్లు అసలే ఎక్కవు. సైకిళ్లు చేసేవాళ్లంతా ఎప్పుడైనా ఒకచోట కూర్చుని, ఒక్క కాఫీ తాగి, ఒక్క కొలత మీద రాజీకి వచ్చి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది?

కందకి లేని దురద కత్తిపీటకెందుకు, ఉన్న హ్యాండిల్‌తో తొక్కుకోవచ్చుగా అంటారు. అనేవాళ్లు ఒక్కసారి జూలైలో భీమిలి నుంచి విశాఖకి బీచ్ రోడ్డు మీద తొక్కి చూడండి. నైరుతి గాలి సరిగ్గా మొహం మీదికి కొడుతుంది. నిటారుగా కూర్చున్నవాడికి రుషికొండ కనిపిస్తూనే ఉంటుంది, రాదు. అదే వంగి కూర్చుంటే గాలి వీపు మీంచి పోతుంది. మరి రేసు సైకిలే కొనుక్కోవచ్చుగా? దాని ధర అడిగి బయటికొచ్చాకే నాకీ ఆలోచన పుట్టింది.

గేర్ల లెక్క ఇది. లివరు ఒక్కసారి టిక్కుమంటే వైరు ఇంత అని లాగుతుంది. వెనక చక్రం దగ్గరున్న డీరైలర్ ఆ లాగుడుని తన లెక్కన పెంచి, చైనుని పక్క పళ్లచక్రం మీదికి తోస్తుంది. లాగే లెక్క, తోసే లెక్క, పళ్లచక్రాల మధ్య ఎడం మూడూ కుదరాలి. గేర్లు చేసే షిమానో కంపెనీలో తొమ్మిది గేర్ల దాకా రోడ్డు లివరుకీ మౌంటెన్ డీరైలర్‌కీ ఇంచుమించు పొత్తు కుదిరేది. పది గేర్లు రాగానే వేరు పడ్డారు. స్రామ్ వాళ్లు పదిలోనూ కలిసే ఉండి, పదకొండులో విడిపోయారు. నాది ఏడు గేర్ల బండి కనక వెనక గొడవ లేదు. హమ్మయ్య అనుకునేలోపే ముందు డీరైలర్ అడ్డం తిరిగింది. ముందువైపు మాత్రం రోడ్డుది రోడ్డుదే, మౌంటెన్‌ది మౌంటెన్‌దే.

సరే, గేరు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆగాలి కదా అని బ్రేకుల దగ్గరికొచ్చాను. నా బండికున్నవి వీ బ్రేకులు. వాటికి వైరు బారెడు లాగాలి. గేరూ బ్రేకూ కలిసున్న రోడ్డు లివరు జానెడే లాగుతుంది. వీ బ్రేకుకి సరిపడా లాగే రేసు లివర్లు టెక్ట్రో వాళ్లు చేస్తారు గానీ వాటికి గేరు మీట ఉండదు. అంటే గేరు మారితే బండి ఆగదు, బండి ఆగితే గేరు మారదు. మధ్యలో వైరు లాగుడుని పెంచే చిన్న కప్పీ ఒకటి ఉందట. మా ఊళ్లో అడిగితే, "అలాంటిదొకటుందా సార్?" అని తిరిగి నన్నే అడిగారు.

ఇంట్లో ఈ హ్యాండిల్ మార్పుని సమర్థించుకోవడానికి నాకు దొరికిన ఏకైక సాక్షి జాన్ టోమాక్. 1990లో అమెరికాలోని డురాంగోలో మౌంటెన్ బైక్ ప్రపంచ పోటీలు జరిగితే, ఆయన సరిగ్గా ఇలాంటి వంకర హ్యాండిల్‌తోనే దిగాడు. మా ఆవిడ శ్రద్ధగా విని, "ఆయన కూరలు దేంట్లో తెచ్చేవాడు?" అంది.

అక్కడ దెబ్బతిన్నాను. తెలుగువాడి సైకిల్ హ్యాండిల్ తిప్పడానికి కాదు, తగిలించడానికి. రైతు బజారు నుంచి వచ్చేటప్పుడు ఎడమవైపు కూరల సంచి, కుడివైపు పెరుగు ప్యాకెట్లు. రెండూ సరితూగాలి. వంకాయలు ఎక్కువైతే బండి ఎడమకి లాగుతుంది, దానికి జవాబుగా కుడివైపు కొబ్బరికాయ పడాలి. ఉల్లిపాయలు కొన్నరోజున పెరుగు చాలదు, అరటిపళ్లు కూడా కొనాలి. మా ఇంట్లో అరటిపళ్లు తినేది ఎవరికీ ఇష్టమై కాదు, ఉల్లిపాయల బరువుకి. కరివేపాకు ఎప్పుడూ బెల్లు మీదే. ఈ ఏర్పాటంతా హ్యాండిల్ అడ్డంగా, తిన్నగా ఉన్నంతవరకే. వంకర హ్యాండిల్‌కి సంచి తగిలిస్తే వంపులోకి జారి మోకాలి దగ్గర ఆగుతుంది. ఇక తొక్కిన ప్రతిసారీ మోకాలు వంకాయల్ని తన్నుతుంది. ఇంటికొచ్చేసరికి కూర సగం తయారు. ఎదురింటాయన మాత్రం హ్యాండిల్ చూడగానే, "పొట్టేలు కొమ్ముల్లా భలే ఉందండీ, దసరాకి పసుపు రాయొచ్చు" అన్నాడు.

టోమాక్ ప్రపంచ విజేత అయ్యాడు. 1991లో, ఇటలీలో. అప్పటికి ఆయన మామూలు హ్యాండిల్‌కి వచ్చేశాడు. ఆ ముక్క ఇంట్లో చెప్పలేదు.

నవ్వులాటకి అంటున్నాను గానీ, నా బండికి ఏ లోపమూ లేదు. ఏడు గేర్లూ పడతాయి, బ్రేకులు పట్టేస్తాయి. "కొత్తవాటికి కలవదు సార్" అన్న మాట విన్నప్పుడల్లా నాకు మా టెలిఫోన్ ఎక్స్ఛేంజి గుర్తొస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడ ఫోన్లు కలిపే స్ట్రౌజర్ యంత్రాలుండేవి. సీనియర్ ఒకాయన ఆ వరసల మధ్య నడుస్తూ, సెలెక్టర్ల టకటకలు విని తప్పు ఏ రాక్‌లో ఉందో చెప్పేసేవారు. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి వచ్చింది, దానికి చప్పుడు లేదు. ఆయనకో కుర్చీ, ఓ రిజిస్టరు ఇచ్చి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా ఆ చెవులు బాగానే పనిచేశాయి.

చివరికి మా మెకానిక్ బిస్కెట్ల డబ్బా ఒకటి బోర్లించి, తుప్పూ నట్లూ తప్పించి, అందులోంచి పాతకాలపు గేరు మీట తీశాడు. దీనికి టిక్కులుండవు. ఎంత లాగితే అంత, ఎక్కడ వదిలితే అక్కడ. ఏడు గేర్లయినా తొమ్మిదయినా, రోడ్డుదైనా కొండదైనా దానికి పట్టింపు లేదు, తొక్కేవాడి బొటనవేలికి తెలిస్తే చాలు. ముందుకొకటి, వెనక్కొకటి పెట్టి, బ్రేకులకి ఆ టెక్ట్రో లివర్లు తెప్పిస్తే పనైపోతుందన్నాడు. ఇన్నాళ్ల పీడా విరగడైందని నేను జేబులో చెయ్యి పెట్టాను.

"కాకపోతే దీని క్లిప్పు పాత హ్యాండిల్ సైజు సార్. ఆకురాయితో రాకితే ఎక్కుద్ది. ఇంత రాకాలంతే," అని రెండు వేళ్లు దగ్గరికి తెచ్చి చూపించాడు. నాకు చూపించక్కర్లేదు, 1.6. "రాకేద్దాం, సోమవారం రండి. వచ్చేటప్పుడు కొత్త బెల్లు కూడా తెచ్చుకోండి. మీ బెల్లు దీనికి పట్టదు."

కరివేపాకు సంగతి అతనికి చెప్పలేదు.