సంతకాల బాబాయి

బెజవాడ గవర్నర్‌పేటలో గానీ గాంధీనగర్‌లో గానీ ఏ ఆడిటరు గారి ఆఫీసు మెట్లెక్కినా, అద్దాల గదిలో ఆడిటరు గారుంటారు, బయట హాల్లో జిరాక్సు మిషనుకీ మంచినీళ్ల టిన్నుకీ మధ్య ఒక బాబాయి ఉంటాడు. ఆడిటరు గారు తిరుపతి వెళ్లినా ఆఫీసు నడుస్తుంది. బాబాయికి జలుబు చేస్తే నడవదు. కంకిపాడు నుంచి కైకలూరు దాకా రైసు మిల్లుల వాళ్లు, చేపల చెరువుల కంపెనీల వాళ్లు, కాలవ పనుల కాంట్రాక్టర్లు, వాళ్ల భార్యలు, బావమరుదులు, అందరి సంతకాలూ ఆయన టేబులు సొరుగులోనే ఉంటాయి మరి.

సంతకాలంటే కాగితం మీదవి కావు. బొటనవేలంత యూఎస్‌బీ టోకెన్లు. ఖాళీ అయిన స్వీటు డబ్బా ఒకటి కడిగి తుడిచి అందులో వరసగా పేర్చి పెట్టాడు. ఒక్కోదానికీ ఒక తెల్ల స్టిక్కరు. "ఉయ్యూరు మిల్లు, పెద్దాయన." "ఉయ్యూరు మిల్లు, చిన్నకోడలు." "గుడివాడ బావమరిది, ప్రస్తుతం మాటల్లేవు." పేరు కింద పిన్ను. అన్నిటికీ ఒకటే పిన్ను: ఒకటి నుంచి ఎనిమిది దాకా వరస అంకెలు. అన్నిటికీ ఒకటే అయితే మళ్లీ రాయడమెందుకు బాబాయ్ అంటే, "పద్ధతి అంటూ ఒకటుండాలి కదండీ" అంటాడు.

బాబాయి పాతకాలపు బీకాం. 2006లో ఎంసీఏ21 వచ్చి కంపెనీల ఫారాలు ఆన్‌లైన్‌కి ఎక్కినప్పుడు మొదటి టోకెను చేతికొచ్చింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక డబ్బా నిండింది. సొంత వ్యాపారం చేసుకునేవాడికి ఫోనుకొచ్చే ఓటీపీ చాలు. కంపెనీ అయితే టోకెను గుచ్చాలన్నారు. 2021 జనవరి 1 నుంచి క్లాస్ 2 సర్టిఫికెట్లు ఆపేసి క్లాస్ 3 మాత్రమే ఉంచారు. "ఏసీ కార్లలో తిరిగే మిల్లు ఓనర్లందర్నీ గవర్నమెంటు థర్డ్ క్లాసులోకి దింపింది" అని బాబాయి ఆ వారమంతా వచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్వించాడు.

ఆ టోకెన్లు గుచ్చడానికి హాలు మూల ఒక పాత కంప్యూటరుంది. అందులో పాత జావా, దానికి తగ్గ పాత బ్రౌజరు. అప్‌డేట్ చేయమంటావా అని అది అడిగినప్పుడల్లా "తర్వాత" అని నొక్కాలన్నది కొత్తగా చేరిన ఆర్టికల్స్ పిల్లలకు బాబాయి నేర్పే మొదటి పాఠం. డెబిట్, క్రెడిట్ ఆ తర్వాత.

ఆ టోకెన్ల గొప్పతనం ఆయనకు తెలియక కాదు. టోకెను లోపలి చిప్పే రెండు తాళపుచెవులు పుట్టిస్తుంది. పబ్లిక్ కీ సర్టిఫికెట్టులో ఎక్కి ఊరంతా తిరుగుతుంది. ప్రైవేట్ కీ చిప్పులోనే పుట్టి చిప్పులోనే పోతుంది. 2048 బిట్ల లెక్క అది. మామూలు అంకెల్లో రాస్తే 617 అంకెలు. సంతకం పెట్టాల్సి వస్తే ఫారం సారాన్ని చిన్న సంఖ్యగా కుదించి చిప్పుకి పంపుతారు. చిప్పు లోపలే లెక్క చేసి సంతకాన్ని బయటికిస్తుంది, కీని ఇవ్వదు. ఆ సర్టిఫికెట్టు ఫలానావారిదేనని లైసెన్సున్న సంస్థ సంతకం చేస్తుంది. ఆ సంస్థ నమ్మదగిందేనని ఢిల్లీలో కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ సంతకం చేస్తాడు. ఇన్ని సంతకాలూ, ఇంత గణితమూ ఒక్క మాట రుజువు చేయడానికే: ఇది పెట్టింది ఈ మనిషే, ఇంకొకరు కాదు.

2000 నాటి ఐటీ చట్టం 42వ సెక్షను కూడా అదే చెబుతుంది. సర్టిఫికెట్టు తీసుకున్నవాడు తన ప్రైవేట్ కీ తన అదుపు తప్పకుండా తగిన జాగ్రత్త తీసుకోవాలి. మిల్లు ఓనరు తీసుకుంటాడు. టోకెను చేతికి రాగానే జేబులో పెట్టుకుని, కారెక్కి, గవర్నర్‌పేట వచ్చి, "ఇంట్లో ఉంటే పిల్లలు పారేస్తారు బాబాయ్, నీ దగ్గరుంచు" అని అప్పజెప్పి, అప్పుడుగానీ ఊపిరి పీల్చుకోడు. అంతకు మించిన జాగ్రత్త ఈ డెల్టాలో ఎవరికీ తోచదు. బాబాయి కూడా ఏనాడూ ఎవరి సంతకమూ అక్కర్లేని చోట పెట్టిన పాపాన పోలేదు. అసలు చిక్కంతా అక్కడే. ఆయన దొంగైతే ఈ పద్ధతి ఎప్పుడో ఆగిపోయేది.

సర్టిఫికెట్టు కావాలంటే మనిషి వీడియోలో కనిపించి మాట్లాడాలి. ఉయ్యూరు మిల్లు చిన్నకోడలు కంపెనీలో డైరెక్టరని ఆవిడకు తెలిసింది ఆ వీడియో పూటే. వంటింట్లోంచి పిలిచి గోడకు ఆనించి నిలబెట్టారు. ఫోను పట్టుకున్నది బాబాయి.

"అమ్మా, కెమెరా వంక చూసి, పేరు చెప్పి, డిజిటల్ సిగ్నేచర్‌కి నేనే అప్లై చేశానని చెప్పండి."

"మీరే కదండీ చేసింది?"

"అది వీడియోలో అనకూడదమ్మా."

రెండోసారి ఆవిడ అంతా సరిగ్గానే చెప్పింది గానీ కళ్లు మాత్రం కెమెరా మీద లేవు, బాబాయి పెదాల మీద ఉన్నాయి. మూడోసారి పాన్ కార్డు తిరగేసి పట్టుకుంది. చివరికి ఒప్పుకున్న వీడియోలో ఆవిడ మొహాన భయం, వెనకాల కుక్కరు మూడో విజిలు. ఆ తర్వాత టోకెను వచ్చింది. ఆవిడ చూడలేదు.

బాబాయి మాట వినకుండా సొంత తెలివి చూపినవాడు అవనిగడ్డ వైపు కాంట్రాక్టరు ఒక్కడే. కాలవలో గుర్రపుడెక్క తీసే పనికి ఈ-ప్రొక్యూర్‌మెంట్లో టెండరు వేయాలి, సాయంత్రం అయిదింటికి గడువు. నాలుగున్నరకి టోకెను గుచ్చితే, ఎవరో సెక్యూరిటీ గురించి చెప్పారని పిన్ను మార్చేశానన్నాడు. కారు నంబరు పెట్టాడట. పాత కారుదా కొత్త కారుదా అన్నది గుర్తులేదు. రెండూ కొట్టారు. భార్య పుట్టినరోజు కొట్టారు, అదేనాడో తేలక ఇంటికి ఫోన్ చేశారు, ఆ ఫోను టెండరు కన్నా ఎక్కువ ఖరీదు పడింది. ఇన్ని తప్పులు దాటితే టోకెను తలుపు మూసేసుకుంటుంది. మళ్లీ తెరవాలంటే చాలాసార్లు లోపల ఉన్నదంతా చెరిపేసి కొత్త సర్టిఫికెట్టు తెచ్చుకోవడమే. అయిదయింది. ఆ కాలవలో గుర్రపుడెక్క ఇంకెవరో తీశారు. బాబాయి ఆ టోకెను స్టిక్కరు మీద "స్వయంకృతం" అని రాసి డబ్బాలో పక్కకు పెట్టాడు.

ఈ సొరుగు సంగతి చూసి తల పట్టుకున్నవాడు బాబాయి మేనల్లుడు. గన్నవరం దారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "పిన్ను స్టిక్కరు మీద రాస్తారా మావయ్యా? ఈ రోజుల్లోనా?" అని నవ్వి, మిల్లు ఇన్‌వాయిసులన్నిటి మీదా ఒక్క దెబ్బకి సంతకం పడేలా జావాలో ప్రోగ్రాం రాసిస్తానన్నాడు. రాశాడు కూడా. జావాకి టోకెనుతో మాట్లాడటానికి పీకేసీఎస్11 అనే దారి ఉంది. ఆ దారిన వెళ్లి టోకెన్ని కీస్టోరుగా తెరిచి, ప్రైవేట్ కీని పట్టుకుని, మావయ్యకు చూపిద్దామని దాని అంకెల్ని తెరమీద వేయమన్నాడు. తెరమీద "నల్" అని పడింది. ప్రోగ్రాం చేతికొచ్చేది కీ ఆనవాలే, కీ కాదు.

"నేను చెప్పలేదట్రా, లోపలిది బయటికి రాదని?" అన్నాడు బాబాయి, ఆ చిప్పు తనే చేయించినట్టు.

తర్వాత కళ్లజోడు సవరించుకుని, తెర దగ్గరగా వంగాడు. జావా పిన్నుని మామూలు స్ట్రింగుగా తీసుకోదు, అక్షరాల వరసగా అడుగుతుంది; పని కాగానే మెమరీలోంచి తుడిచేయడానికి వీలుగా పెట్టిన జాగ్రత్త అది. మేనల్లుడు ఆ జాగ్రత్తను మన్నించి, పిన్నుని కొటేషన్ గుర్తుల మధ్య ప్రోగ్రాంలోనే రాసేసి, చివర అక్షరాల వరసగా మార్చే "టు క్యార్ అర్రే" అని తగిలించాడు. బాబాయి ఆ లైను మీద వేలు పెట్టాడు.

"ఇది మన స్టిక్కరు మీదున్నదేగా?"

"టెస్టింగుకి మావయ్యా. తర్వాత తీసేస్తాను."

"ఈ ప్రోగ్రాం ఎవరెవరు చూస్తారు?"

"మా టీం అంతా. గిట్‌లో ఉంటుందిగా."

"నా సొరుగు నేనొక్కణ్ణే చూస్తాను" అన్నాడు బాబాయి, టీ చెప్పడానికి లేస్తూ.

మేనల్లుడు కాసేపు వాదించాడు. పాత జావాలతో పాటు వచ్చే నమ్మకస్తుల సర్టిఫికెట్ల పెట్టెకు పాస్‌వర్డు మొదట్నుంచీ "ఛేంజిట్" అనీ, ప్రపంచమంతా దాన్ని మార్చకుండానే నెట్టుకొస్తోందనీ, అందులో ఉండేవి పబ్లిక్ సర్టిఫికెట్లే కాబట్టి పెద్ద ప్రమాదం లేదనీ చెప్పాడు. బాబాయి శ్రద్ధగా విని, "అయితే మనం లోకంతో పాటే ఉన్నాం" అని తృప్తి పడ్డాడు.

ఇంతకీ, రేపెవరైనా మిల్లు ఓనరు అడ్డం తిరిగి ఆ సంతకం నేను పెట్టలేదంటే? ఆ భయం బాబాయికి లేకపోలేదు. అందుకే రెండొందల పేజీల రూళ్ల పుస్తకం ఒకటి పెట్టాడు. తేదీ, టైము, ఎవరి టోకెను, ఏ ఫారం. 617 అంకెల సంతకం పడ్డ ప్రతిసారీ, ఆ ఓనరు ఊళ్లోకి వచ్చినప్పుడు కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, "నా ఎదుటే పెట్టారు" అన్న లైను పక్కన బాల్‌పెన్నుతో సంతకం చేయించుకుంటాడు. పెన్ను రాయకపోతే వేలిముద్ర. 42వ సెక్షను అడిగిన జాగ్రత్తంతా ఆ పుస్తకం మీదే: అది సొరుగులో ఉండదు, దాని జాడ మేనల్లుడికి కాదు కదా, ఆడిటరు గారిక్కూడా తెలియదు.